మాత్రలనుండి దినముల లెక్కకు: గర్భనిరోధ చరిత్రలో సంఘము నేర్చుకొనవలసిన పాఠము

ఉపోద్ఘాతము

పెండ్లికి ముందు వధూవరులతో కాపరి ఏకాంతముగా మాట్లాడే ఆచారము మన సంఘములలో చాలా కాలముగా ఉన్నది. ఆ సంభాషణలో సంతానమును గూర్చిన ప్రశ్న ఒకప్పుడు అరుదుగా వచ్చేది. వచ్చినా, "ఇద్దరు పుట్టిన తరువాత ఆపరేషన్ చేయించుకోవచ్చునా?" అనే ఒక్క మాటతో ముగిసేది. నేడు చదువుకొని, ఇద్దరూ ఉద్యోగములు చేసే దంపతులు వేరొక ప్రశ్న తెస్తున్నారు. "అయ్యగారూ, మాత్రలు మానివేసి, నెలసరి దినములు లెక్కించుకొనే పద్ధతికి మారాలనుకుంటున్నాము. ఇది వాక్యానుసారమేనా?" అని అడుగుతున్నారు. కొందరు మాత్రలవలన కలిగే తలనొప్పిని, వికారమును భరించలేక, కొందరు ఫోనులో దినములు చూపే యాప్‌లను బట్టి, మరికొందరు ఏదో కూడికలో విన్న ప్రసంగమును బట్టి ఈ ప్రశ్నకు వస్తున్నారు.

దీనికి తొందరపడి ఇచ్చే జవాబులు రెండు ఉన్నాయి. "దినముల లెక్క దేవుడు ఏర్పరచిన సహజ మార్గము, మాత్రలు పాపము" అనేది ఒకటి. "అది కాథలిక్కుల ఆచారము, మనకు సంబంధము లేదు" అనేది రెండవది. ఈ రెండును చరిత్ర తెలియనందువలన వచ్చిన జవాబులని మా అభిప్రాయము. మాత్ర, దినముల లెక్క అనేవి మొదటినుండి శత్రువులుగా పుట్టినవి కావు. ఒకే కాలములో, ఒకే ప్రశ్ననుండి, కొన్నిసార్లు ఒకే వైద్యుని చేతిలోనుండి వచ్చినవి.

ఈ వ్యాసములో ఆ చరిత్రను అగస్టీను కాలమునుండి నేటి వరకు క్లుప్తముగా పరిశీలించి, అందులోనుండి కాపరికి పనికివచ్చే ఒక్క పాఠమును చూపదలచాము. ఆ పాఠమేమనగా, దినముల లెక్క స్త్రీ ఒక్కతే అనుసరించగల పద్ధతి కాదు. భర్త సమ్మతి, భర్త సంయమనము లేనిచోట అది పద్ధతే కాదు. ఈ సంగతి మరచి ఇచ్చిన సలహా ఎంత భక్తిగా వినిపించినా, దాని భారము చివరకు స్త్రీ శరీరము మీదనే పడుతుంది.

1. ప్రాచీన సంఘములో దినముల లెక్క

క్రైస్తవ సాహిత్యములో దినముల లెక్కను గూర్చిన తొలి ప్రస్తావనలలో ఒకటి ఒక ఖండనలో కనబడుతుందని చెబితే మన విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చును. క్రీ.శ. 388 ప్రాంతములో అగస్టీను మానీ మతస్థుల నడతను విమర్శిస్తూ ఒక గ్రంథము వ్రాశాడు. తాను సుమారు తొమ్మిది సంవత్సరములు ఆ మతములో శ్రోతగా ఉన్నవాడు గనుక, వారి ఆచారములు అతనికి బాగుగా తెలుసు. ముట్టు ముగిసిన తరువాత స్త్రీ గర్భము ధరించే అవకాశమున్న దినములలో భార్యతో కలియకుండవలెనని వారు శ్రోతలకు బోధించేవారని అతడు గుర్తుచేశాడు. శరీరములో ఆత్మ చిక్కుబడుట చెడుగు అని వారి సిద్ధాంతము. కాబట్టి బిడ్డ పుట్టుటయే వారికి అయిష్టము. వివాహముయొక్క ఉద్దేశమునే ఇది త్రోసిపుచ్చుతున్నదని అగస్టీను వాదించాడు.

ఇక్కడ రెండు విషయములు గమనించవలెను. మొదటిది, అగస్టీను దృష్టిలో పద్ధతి "సహజమా, కృత్రిమమా" అనే ప్రశ్న లేదు. బిడ్డయెడల దంపతులకున్న మనసేమిటి అనేదే అతని ప్రశ్న. రెండవది, ఆ దినముల లెక్కలోనే పొరపాటున్నది. ముట్టు ఆగిన వెంటనే గర్భధారణకు అనుకూల సమయమని ఆనాటి వైద్యులు నమ్మేవారు. అండము విడుదలయ్యే సమయము వారికి తెలియదు.

పాత నిబంధనలో కూడ దినముల లెక్క ఉన్నది, అయితే దాని దిశ వేరు. లేవీయకాండము 15వ అధ్యాయము కడగా ఉండవలసిన దినములను నిర్ణయించింది. తరువాతి రబ్బీల సంప్రదాయము కనీసము ఐదు దినముల మీద మరి ఏడు శుద్ధ దినములను చేర్చింది. ఆ లెక్కప్రకారము భార్యాభర్తలు తిరిగి కలుసుకొనేది సుమారు పండ్రెండవ దినము తరువాత, అనగా చాలామంది స్త్రీలకు గర్భధారణకు అనుకూలమైన సమయములోనే. కాబట్టి నేటి సురక్షిత దినముల పద్ధతికి లేవీయకాండమును ఆధారముగా చూపే ప్రసంగీకులు జాగ్రత్తపడవలెను. ఆ అధ్యాయము గర్భనిరోధమును గూర్చినది కాదు.

2. తప్పు లెక్కనుండి సరియైన లెక్కకు

1853లో ఫ్రాన్సు దేశపు ఆమియెన్ పీఠమునుండి రోమాకు ఒక ప్రశ్న వెళ్లింది. గర్భము రాదని తలచిన దినములలో మాత్రమే కలిసే దంపతులను గురువులు ఏమని మందలించవలెను? వారిని కలవరపెట్టవద్దని జవాబు వచ్చింది. అయితే ఆ శతాబ్దములో చాలామంది వైద్యులు జంతువుల ఎదకాలమును స్త్రీ ముట్టుతో పోల్చి, రెండు ముట్టుల నడిమి కాలమే సురక్షితమని చెప్పేవారు. వాస్తవమునకు గర్భము వచ్చే దినములు అవే. గురువు అనుమతిని, వైద్యుని మాటను నమ్మిన దంపతులకు ఏమి సంభవించి ఉంటుందో ఊహించవచ్చును.

ఈ తప్పు 1920వ దశకములో సరిదిద్దబడింది. జపాను వైద్యుడు క్యుసాకు ఒగినో 1924లో, ఆస్ట్రియా వైద్యుడు హెర్మన్ క్నౌస్ 1920ల చివరలో, ఒకరితో ఒకరికి సంబంధము లేకుండానే దాదాపు ఒకే నిర్ణయమునకు వచ్చారు. అండము విడుదల గడచిన ముట్టునుండి కాదు, రాబోయే ముట్టునుండి వెనుకకు లెక్కించవలసినదని వారు కనుగొన్నారు. ఒగినో లెక్కప్రకారము అది రాబోయే నెలసరికి 12 నుండి 16 దినముల ముందు జరుగుతుంది. శాస్త్రము సరియైనదే. కాని రాబోయే నెలసరి ఏ దినమున వస్తుందో ముందుగా ఎవరికి తెలుసు? గత నెలల లెక్కనుబట్టి ఊహించవలసిందే. జ్వరము, ప్రయాణము, దుఃఖము, బాలింతతనము ఇవన్నీ ఆ ఊహను తారుమారు చేస్తాయి. ఈ పద్ధతి బలహీనత అంతా ఇక్కడే ఉన్నది.

సరిగ్గా ఆ సమయములోనే సంఘములు రెండు దారులు పట్టాయి. 1908లోను 1920లోను గర్భనిరోధమును ఖండించిన ఆంగ్లికన్ బిషప్పుల లాంబెత్ సభ, 1930లో తన 15వ తీర్మానము ద్వారా, నైతికముగా బలమైన కారణమున్నప్పుడు సంయమనము మాత్రమే కాక ఇతర పద్ధతులకు కూడ పరిమితముగా చోటిచ్చింది. ఓట్లు 193కు 67. అదే సంవత్సరము డిసెంబరు 31న పోపు పదకొండవ భక్తినాథుడు 'కాస్తి కొన్నూబీ' అనే విశ్వలేఖలో గర్భనిరోధమును ఖండించాడు. అయితే సహజ కారణములవలన గర్భము రాని సమయములో కలియుట తప్పు కాదని కూడ అందులో ఉన్నది. 1951 అక్టోబరు 29న పన్నెండవ భక్తినాథుడు ఇటలీ మంత్రసానులతో మాట్లాడుతూ, గంభీరమైన కారణములున్న దంపతులు సురక్షిత దినములను ఆశ్రయించవచ్చునని స్పష్టముగా అనుమతించాడు. ఆంగ్లికన్ వారసత్వము కూడ కలిగిన దక్షిణ ఇండియా సంఘమునకు చెందిన మన పాఠకులు, తమ సంఘము ఈ రెండు దారులలో మొదటిదానికి చెందినదని గుర్తించవలెను. 1958 లాంబెత్ సభ సంతాన సంఖ్య నిర్ణయమును దేవుడు తలిదండ్రుల మనస్సాక్షికి అప్పగించాడని ప్రకటించింది.

3. రామనగరము పూసలు

ఈ చరిత్ర యూరపులోనే జరిగినదనుకొనుట పొరపాటు. 1935 డిసెంబరులో అమెరికా గర్భనిరోధ ఉద్యమ నాయకురాలు మార్గరెట్ సాంగర్ వార్ధాలో గాంధీజీని కలుసుకొన్నది. ఆయన కృత్రిమ సాధనములను ఒప్పుకొనలేదు, బ్రహ్మచర్యమే మార్గమన్నాడు. అయితే సురక్షిత దినముల పద్ధతిలో కొంతైనా సంయమనము ఉన్నది గనుక అది అంత అభ్యంతరకరము కాదన్నాడు.

స్వతంత్ర భారతదేశపు తొలి ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ క్రైస్తవ కుటుంబములో పుట్టి, గాంధీజీ శిష్యురాలైనది. ప్రభుత్వము కుటుంబ నియంత్రణను చేపట్టవలసి వచ్చినప్పుడు ఆమె సురక్షిత దినముల పద్ధతినే కోరుకొన్నది. 1951లో ప్రారంభమైన మొదటి పంచవర్ష ప్రణాళికలో కుటుంబ నియంత్రణకు 65 లక్షల రూపాయలు కేటాయించారు. భారత ప్రభుత్వపు విన్నపము మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ తరపున అమెరికా వైద్యుడు అబ్రహాము స్టోన్ 1951లో వచ్చాడు. ఢిల్లీలోని లోదీ కాలనీలోను, మైసూరు రాష్ట్రములోని రామనగరములోను ఈ పద్ధతిని ప్రయోగముగా నేర్పించారు. ఆ కాలములోనే ప్రపంచ ఆరోగ్య సభలో జనాభా విషయమును చేర్చుటకు కాథలిక్ దేశములు తీవ్రముగా అడ్డుపడ్డాయి. 1952లో ఆ ప్రతిపాదనను విరమించుకొనవలసి వచ్చింది. అందరికీ ఆమోదమైనదిగా మిగిలినది ఈ దినముల లెక్క ఒక్కటే.

చదువురాని స్త్రీలకు లెక్క ఎలా నేర్పవలెను? ఆకుపచ్చ, ఎరుపు పూసలతో దండలు చేయించి ఇచ్చారు. దినమునకు ఒక పూస జరుపుకోవలెను. ఆకుపచ్చ పూస సురక్షిత దినము, ఎర్ర పూస కడగా ఉండవలసిన దినము. పద్ధతి తేలికగానే కనబడింది. కాని దండ మెడలో వేసుకొంటే ఆ యింటి రహస్యము ఊరంతటికీ తెలుస్తుందని స్త్రీలు సిగ్గుపడ్డారు. పూస జరుపుట మరచిపోయినవారున్నారు. చీకటిలో రంగు తెలియదని పూసల ఆకారము మార్చవలసి వచ్చిందని చెబుతారు. దండయే గర్భమును ఆపుతుందని నమ్మినవారు కూడ ఉన్నారట. నేర్చుకొనుటకు ఆసక్తి చూపినవారు చాలామంది ఉన్నా, చివరివరకు అనుసరించినవారు కొద్దిమందే. తరువాతి సంవత్సరములలో ప్రభుత్వము ఇతర పద్ధతులవైపు తిరిగింది.

ఈ వృత్తాంతమును చెప్పినవారు చాలాసార్లు పల్లెటూరి స్త్రీల అమాయకత్వము మీద నవ్వుతారు. మేము నవ్వలేకపోతున్నాము. దండ భార్య మెడలో వేశారు. ఎర్ర పూస వచ్చిన రాత్రి తొలగి ఉండవలసినవాడు భర్త. అతని మెడలో ఏ పూసా లేదు.

4. సురక్షిత దినముల వైద్యుడే మాత్రను తెచ్చాడు

ఇప్పుడు మాత్ర చరిత్రకు వద్దాము. బోస్టన్ ప్రాంతములో డాక్టర్ జాన్ రాక్ అనే స్త్రీ వైద్య నిపుణుడు ఉండేవాడు. నిష్ఠగల కాథలిక్కు. 1936లో తాను పనిచేసే ఆసుపత్రిలో సురక్షిత దినములను నేర్పే క్లినిక్‌ను ప్రారంభించినవాడు ఇతడే. సంతానము లేనివారికి చికిత్స చేయుటలోను పేరుపొందాడు. సుమారు ఇరువది సంవత్సరముల తరువాత, గ్రెగరీ పింకస్ అనే శాస్త్రవేత్తతో కలిసి హార్మోన్ మాత్రను స్త్రీలపై మొదట పరీక్షించినవాడు కూడ ఇతడే.

1956లో ప్యూర్టోరికోలోని రియో పియెద్రాస్ వాడలో విస్తృత ప్రయోగము మొదలైంది. బీద స్త్రీలు, ఎక్కువమంది కాథలిక్కులు. అక్కడి ప్రయోగమును నడిపిన డాక్టర్ ఎడ్రిస్ రైస్-రే, మాత్ర గర్భమును బాగుగా ఆపుతున్నదని, అయితే 17 శాతము మందికి వికారము, తల తిరుగుట, తలనొప్పి వంటి బాధలున్నాయని నివేదించినది. ఆ హెచ్చరికను పెద్దలు తేలికగా తీసుకొన్నారు. 1957లో నెలసరి వ్యాధులకు, 1960లో గర్భనిరోధమునకు అమెరికా ప్రభుత్వ సంస్థ 'ఎనోవిడ్' మాత్రను ఆమోదించింది.

మాత్రను ఇరువది దినములు వేసుకొని, ఆపి, రక్తస్రావము కానిచ్చి, తిరిగి మొదలుపెట్టవలెనని ఏర్పాటు చేశారు. స్త్రీ తన నెలసరి సహజముగా వస్తున్నదని నిశ్చింతగా ఉండుటకే ఈ ఏర్పాటు. మన ప్రభుత్వ ఆసుపత్రులలో ఇచ్చే మాలా-ఎన్ పొట్లములో 21 హార్మోన్ మాత్రలు, 7 ఇనుము మాత్రలు ఉండుటకు మూలము ఇదే. రాక్ 1963లో ప్రచురించిన గ్రంథములో, మాత్ర సురక్షిత కాలమును పొడిగిస్తున్నదే తప్ప ప్రకృతికి విరోధము కాదని, కాబట్టి కాథలిక్ సంఘము దానిని అంగీకరించవచ్చునని వాదించాడు. అనగా దినముల లెక్కలోని అనిశ్చయమును తీసివేసే సాధనముగా అతడు మాత్రను చూచాడు.

5. 1968వ సంవత్సరము, మెల్‌బోర్న్ దంపతులు

1963లో పోపు ఇరువది మూడవ యోహాను ఆరుగురితో ఒక సంఘమును నియమించాడు. ఆరవ పౌలు దానిని విస్తరింపజేయగా సభ్యులు 70 మందిని మించారు. వారిలో వివాహిత దంపతులు కూడ ఉన్నారు. చికాగోనుండి వచ్చిన పాట్రిక్, పాట్రీషియా క్రౌలీలు పలు దేశముల కాథలిక్ దంపతులనుండి ఉత్తరములు సేకరించి సభ ముందు పెట్టారు. భక్తిగల, పిల్లలుగల దంపతులు వ్రాసిన ఉత్తరములవి. ప్రతి నెలా భయముతో లెక్కలు చూచుకొనుట తమ ప్రేమను ఎండగట్టుచున్నదని అనేకులు వ్రాశారు. సంయమనము తమను దగ్గర చేసిందని వ్రాసినవారు కూడ ఉన్నారు. 1966లో సంఘములోని అధిక సంఖ్యాకులు మార్పును సిఫారసు చేశారు.

పోపు ఒప్పుకొనలేదు. 1968 జూలై 25 తేదీతో వెలువడిన 'హుమానే వీతే' విశ్వలేఖ మాత్రను నిషేధించింది, సురక్షిత దినములను అనుమతించింది, ఆ పద్ధతికి మరింత గట్టి పునాది వేయవలెనని శాస్త్రజ్ఞులను కోరింది. అమెరికాలో ఫలితము వేరుగా కనబడింది. 1970 నాటికి కాథలిక్ స్త్రీలలో సుమారు మూడింట రెండు వంతులు సంఘము అనుమతించని పద్ధతులనే వాడుచున్నారు.

శాస్త్రజ్ఞులను కోరిన ఆ పని అప్పటికే మెల్‌బోర్న్‌లో జరుగుతున్నది. 1953లో మారిస్ కాటరినిచ్ అనే గురువు, కష్టములోనున్న దంపతులకు సహాయము చేయుమని నరముల వైద్యుడైన జాన్ బిల్లింగ్స్‌ను అడిగాడు. బిల్లింగ్స్ పాత వైద్య గ్రంథములు వెదకి, గర్భాశయ ముఖమునుండి వచ్చే జిగట స్రావము అండము విడుదలకు ముందు పలుచనై జారుడుగా మారుతుందనే సంగతిని పట్టుకొన్నాడు. స్త్రీలు తాము గమనించినదానిని దినదినము వ్రాసి తెచ్చారు. 1964లో మొదటి పుస్తకము వచ్చింది. అతని భార్య డాక్టర్ ఎవెలిన్ స్త్రీలతో కూర్చొని ఈ పద్ధతిని మెరుగుపరచినది. జేమ్స్ బ్రౌన్ అనే శాస్త్రజ్ఞుడు మూత్రములోని హార్మోన్లను కొలిచి, స్త్రీలు వ్రాసినది సరియైనదేనని నిర్ధారించాడు. క్యాలెండరు ఊహ పోయి, ఆ దినమున ఆ శరీరము చూపే గురుతు దాని స్థానములోకి వచ్చింది. జర్మనీ గురువు విల్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ 1935లోనే మొదలుపెట్టిన ఉష్ణోగ్రత పద్ధతిని కూడ దీనికి జతచేసి, ఆస్ట్రియా వైద్యుడు యోసెఫ్ రోట్జర్ రెండు గురుతుల పద్ధతిని రూపొందించాడు.

ఒక్క సంగతి ఇక్కడ నొక్కిచెప్పవలెను. మాత్ర విషయములో స్త్రీలు ప్రయోగమునకు గురియైనవారు. మెల్‌బోర్న్‌లో వారు సాక్షులు. తమ శరీరమును గూర్చి వారు చెప్పిన మాటనే వైద్యులు విన్నారు.

6. మాత్రలనుండి తిరుగుదల

మాత్రలను విడిచినవారందరు పోపు మాట విని విడిచినవారు కారు. 1960ల తొలి సంవత్సరములనుండే రక్తము గడ్డకట్టుటను గూర్చిన నివేదికలు వస్తున్నాయి. 1969లో అమెరికా రచయిత్రి బార్బరా సీమన్ మాత్ర ప్రమాదములమీద గ్రంథము ప్రచురించినది. 1970 జనవరిలో సెనేటర్ గేలార్డ్ నెల్సన్ విచారణ జరిపినప్పుడు, మాత్ర వేసుకొనే స్త్రీలలో ఒక్కరినైనా సాక్ష్యమునకు ఎందుకు పిలువలేదని యువతులు సభలో లేచి ప్రశ్నించారు. దాని ఫలితముగా ఆ సంవత్సరమే మాత్ర పొట్లముతో హెచ్చరిక పత్రము ఇవ్వవలెనని నిర్ణయించారు. ఆనాటి ఎనోవిడ్‌లో ఈస్ట్రోజెన్ జాతి హార్మోన్ 0.15 మిల్లీగ్రాములు. నేటి మాలా-ఎన్‌లో 0.03 మిల్లీగ్రాములు. కాబట్టి నాటి భయమును నేటి మాత్రకు యథాతథముగా అంటగట్టుట న్యాయము కాదు. రక్తము గడ్డకట్టే అపాయము కొందరికి నేటికీ ఉన్నది; అండాశయ క్యాన్సరునుండి కొంత కాపుదల కూడ ఉన్నది. రెండూ చెప్పవలెను.

ప్రొటెస్టంటులలో కూడ ఈ తిరుగుదల కనబడింది. అమెరికాలో సామ్, బెథనీ టోరోడ్ అనే యువ దంపతులు 2002లో, సువార్తిక విశ్వాసులు గర్భనిరోధములను విడిచి దినముల పద్ధతికి రావలెనని ఒక పుస్తకము వ్రాశారు. అది చాలామందిని ఆకర్షించింది. అయితే 2006లో వారే ముందుకు వచ్చి, తమ అనుభవమునుబట్టి ఆ అభిప్రాయమును మార్చుకొన్నామని, ఆ పద్ధతి దాంపత్యముపై, విశేషముగా భార్యపై, మోపే భారమును తాము తక్కువ అంచనా వేశామని ఒప్పుకొన్నారు. పుస్తకము చదివినవారందరికీ ఈ ఒప్పుకోలు చేరియుండకపోవచ్చును.

7. లెక్కలు ఏమి చెబుతున్నాయి

1970ల చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆక్లండ్, బెంగళూరు, డబ్లిన్, మనీలా, ఎల్ సాల్వడార్‌లోని సాన్ మిగెల్ అనే ఐదు స్థలములలో బిల్లింగ్స్ పద్ధతిని పరీక్షించింది. చదువురానివారితో సహా 90 శాతమునకు పైగా స్త్రీలు మొదటి నెలలోనే తమ గురుతులను గుర్తించగలిగారు. రామనగరము స్త్రీలను చూచి నవ్వినవారికి ఇది జవాబు. అయినను సంవత్సరమునకు 100 మందిలో సుమారు 22 గర్భములు వచ్చాయి. కారణము? వాటిలో అధిక భాగము, ఫలవంతమైన దినమని తెలిసియుండియు కలిసినందువలన వచ్చినవే. ఆ వివరములనే 1990లో తిరిగి లెక్కించగా, నియమములను పూర్తిగా పాటించినవారిలో మొదటి సంవత్సరము గర్భములు సుమారు 3 శాతమే అని, తప్పినవారిలో 80 శాతమును మించిందని తేలింది.

1995లో ప్రచురితమైన ఒక పరిశోధన ఫలవంతమైన కాలము అండము విడుదలైన దినముతో ముగిసే ఆరు దినములని చూపించింది. 2007లో జర్మనీలో 900 మంది స్త్రీలపై ప్రచురించిన పరిశోధనలో, రెండు గురుతుల పద్ధతిని బాగుగా నేర్చుకొన్నవారిలో సంవత్సరమునకు 100కు 1.8 గర్భములే వచ్చాయి. 2002లో ప్రచురించిన నిర్ణీత దినముల పద్ధతి, అనగా 8వ దినమునుండి 19వ దినమువరకు కడగా ఉండుట, 26 నుండి 32 దినములకు క్రమముగా నెలసరి వచ్చేవారికి మాత్రమే తగినది. అందులో సామాన్య వాడుకలో 100కు సుమారు 12 గర్భములు వచ్చాయి. దీనికోసము తయారైనది మరల పూసల దండే. మన దేశములో 'మాలాచక్ర' అనే పేరుతో పరిచయము చేశారు. ఈసారి తెల్లపూసలు చీకటిలో మెరుస్తాయి. రామనగరములోని ఒక కష్టము తీరింది. భర్తను గూర్చిన కష్టము పూసలతో తీరేది కాదు.

8. తెలుగు సంఘములకు అన్వయము

మన రాష్ట్రములలో పరిస్థితి వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి 10 మంది వివాహిత స్త్రీలలో సుమారు ఏడుగురు, తెలంగాణలో సుమారు ఆరుగురు కు.ని. ఆపరేషన్ చేయించుకొన్నవారే. ఆపరేషన్ చేయించుకొన్న భర్తలు అతి కొద్దిమంది. మన సంఘములలో చాలామంది తల్లులు మాత్ర ఎరుగరు, దినముల లెక్కా ఎరుగరు. కాబట్టి మాత్రలనుండి మారాలనే ప్రశ్న కొత్తతరము ప్రశ్న. దానికి జవాబిచ్చేటప్పుడు కాపరి ఈ కొన్ని సంగతులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము.

మొదటిది, మాత్ర వేసుకొనే కాలములో వచ్చే రక్తస్రావము నిజమైన నెలసరి కాదు. ఆ దినముల లెక్క మానివేసిన తరువాత పనికిరాదు. మాత్ర ఆపిన కొన్ని నెలలవరకు నెలసరి క్రమము తప్పవచ్చును; మూడు నెలలకొకసారి వేసే ఇంజెక్షన్ అయితే ఇంకా ఎక్కువ కాలము పట్టవచ్చును. ఈ సంధికాలములో క్యాలెండరును గాని, యాప్ చూపే రంగును గాని నమ్మి మోసపోయే అవకాశమున్నది. మారదలచినవారు వైద్యుని సలహాతో, శరీరపు గురుతులను నేర్పే శిక్షణతో మారవలెను. రక్తపోటు వంటి కారణములవలన మాత్ర మానినవారికి, గర్భము ప్రాణాపాయమైనవారికి ఏది తగినదో చెప్పవలసినవాడు వైద్యుడు, కాపరి కాదు.

రెండవది, "సహజము" అనే మాటను ప్రసంగ పీఠముమీదనుండి వాగ్దానముగా పలుకకూడదు. పద్ధతిని పాటించి కూడ గర్భవతియైన సహోదరిని, "విశ్వాసము తక్కువైంది" అని గాని, "లెక్క తప్పావు" అని గాని నిందించుటకు మనకు అధికారము లేదు.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది. అపొస్తలుడైన పౌలు 1 కొరింథీయులకు 7:3-5లో దంపతుల సంయమనమునకు హద్దులు పెట్టాడు. భార్య శరీరముమీద భర్తకు అధికారమున్నట్లే, భర్త శరీరముమీద భార్యకును అధికారమున్నదని చెప్పాడు. ఎడబాటు ఇద్దరి సమ్మతితో, కొంతకాలము మట్టుకే ఉండవలెనన్నాడు. ఆ కాలపు సమాజములో ఈ రెండవ సగము ఎంత క్రొత్త మాటయో మన విద్యార్థులు గుర్తించవలెను. దినముల లెక్క పద్ధతి నిలిచేది ఈ వచనములమీదనే. భార్య "ఈ రోజు కాదు" అన్నప్పుడు భర్త వినే యింటిలో అది ఇద్దరినీ కట్టే క్రమశిక్షణ అవుతుంది. అతడు త్రాగివచ్చే యింటిలో, ఆమె మాటకు విలువలేని యింటిలో, అది ఆమెకు ఏ కాపుదలా ఇవ్వదు. అటువంటి యింటి స్త్రీతో మాత్రలు మానుమని చెప్పిన కాపరి, ఆమెకున్న ఒక్క కంచెను తీసివేసినవాడవుతాడు.

కాబట్టి "మారవచ్చునా?" అని దంపతులు అడిగినప్పుడు, కాపరి మొదట భార్యతో కాక భర్తతో మాట్లాడవలెనని మా సూచన. నెలకు ఎనిమిది, పది దినములు నీవు సంతోషముగా తొలగి ఉండగలవా? ఆమె వ్రాసే పట్టికను నీవు చదివావా? లెక్క తప్పి బిడ్డ వస్తే ఆ బిడ్డను దేవుని బహుమానముగా చేర్చుకొందువా? ఈ మూడు ప్రశ్నలకు అతడిచ్చే జవాబునుబట్టియే మిగిలిన మాట సాగవలెను.

ముగింపు

అగస్టీను బిడ్డయెడల దంపతుల మనసును ప్రశ్నించాడు. లాంబెత్ బిషప్పులు మనస్సాక్షిని, పోపులు ప్రకృతి ధర్మమును ముందుంచారు. జాన్ రాక్ అనిశ్చయమును తీసివేయజూచాడు. బిల్లింగ్స్ దంపతులు స్త్రీ చెప్పిన మాటను విన్నారు. వీరిలో ఎవరిని అనుసరించినా, ఎవరిని విడిచినా, రామనగరములో మిగిలిపోయిన ప్రశ్న మన ముందు అలాగే ఉన్నది. మాత్రను ఎంచుకొన్న దంపతులను మేము నిందించుట లేదు, దినముల లెక్కను ఎంచుకొన్నవారిని హెచ్చుగా పొగడుట లేదు. ఏ పద్ధతియైనను, దాని భారమును ఇద్దరూ మోస్తున్నారా లేదా అని కాపరి విచారించవలెను. మన సంఘములలో నేటివరకు ఆ భారము ఎక్కువగా ఎవరి భుజములమీద ఉన్నదో ఆపరేషన్ల లెక్కలే చెబుతున్నాయి.